ఉమ్మడి అంటే ఎంత?

సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళల్లో అక్టోబర్ వచ్చేసరికి క్యాలెండర్ నిండిపోతుంది. బతుకమ్మ ఎక్కడ, దీపావళి ఎవరింట్లో, పిల్లల డాన్సు ప్రాక్టీసు ఏ రోజు. వీటి మధ్యలో మా వాట్సాప్ గ్రూపులో ఇంకో లెక్క కూడా నడుస్తుంటుంది: ఈసారి క్లామ్‌లు తవ్వడానికి ఎప్పుడు వెళ్దాం?

రేజర్ క్లామ్ అంటే ఇక్కడి పసిఫిక్ తీరంలో ఇసకలో దాక్కుని ఉండే పొడుగాటి గుల్ల. సముద్రం బాగా వెనక్కి లాగేసినప్పుడే దొరుకుతుంది. సముద్రం అలా లాగేది అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూగా. అందుకని ఇంట్లో తెలుగు క్యాలెండర్ ఉన్నవాళ్ళకి సగం పని అయిపోయినట్టే. శీతాకాలంలో ఆ లోతైన ఆటు చీకటి పడ్డాక వస్తుంది, వసంతంలో పొద్దున పూట. దీపావళి అమావాస్య రోజుల్లో తలకి లైటు కట్టుకుని, చేత్తో గొట్టంలాంటి పరికరం పట్టుకుని, ఇసక మీద చిన్న చిన్న గుంటలు వెతుక్కుంటూ వందలమంది తిరుగుతుంటారు. వాళ్ళలో మనవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు.

చంద్రుడు ఒప్పుకుంటే చాలదు, ప్రభుత్వం కూడా ఒప్పుకోవాలి. ఏ బీచ్ ఏ రోజు తెరుస్తారో రాష్ట్ర వన్యప్రాణి శాఖ ముందే ఒక జాబితా ఇస్తుంది. కానీ అది ఖాయం కాదు. క్లామ్ మాంసంలో డొమోయిక్ ఆమ్లం అనే విషం ఎంతుందో పరీక్ష చేశాకే అసలు అనుమతి. 1991లో ఈ తీరంలో మొదటిసారి ఆ విషాన్ని గుర్తించి తవ్వకాలు ఆపేసిన దగ్గర్నుంచీ ఇదే పద్ధతి. 15 ఏళ్ళు నిండినవాళ్ళకి లైసెన్సు ఉండాలి. మనిషికి రోజుకి 15 క్లామ్‌లు. చిన్నదనో పగిలిందనో పారేసి ఇంకోటి తవ్వుకుంటానంటే కుదరదు, మొదట తవ్విన 15 ఏవైతే అవే లెక్క. బయటకి లాగిన క్లామ్‌ని తిరిగి వదిలేసినా మామూలుగా బతకదు కాబట్టి ఆ నియమం. ఆయిస్టర్లయితే ఒడ్డునే వొలుచుకుని, చిప్పలు అక్కడే వదిలెయ్యాలి, పిల్ల ఆయిస్టర్లు ఆ పాత చిప్పల మీదే అతుక్కుని పెరుగుతాయి కనక. ప్యూజెట్ సౌండ్‌లో డంజినెస్ పీతలు పడితే మగవే ఉంచుకోవాలి, అవీ ఆరుంపావు అంగుళాలు ఉంటేనే.

ఈ నియమాలన్నిటికీ జీవశాస్త్రంలో కారణాలున్నాయి. చదువుతుంటే ముచ్చటేస్తుంది కూడా. కానీ జీవశాస్త్రంతో తేలని ప్రశ్న ఒకటుంది. ఏ రోజు తవ్వొచ్చో, ఎంత పట్టొచ్చో నిర్ణయించే గదిలో ఎవరు కూర్చుంటారు? ఈ రాష్ట్రంలో ఆ గదిలో ఒకవైపు ప్రభుత్వ అధికారులు, రెండోవైపు ఇక్కడి ఆదివాసీ తెగల ప్రతినిధులు ఉంటారు. అతిథులుగా కాదు, సమాన హోదాతో. క్లామ్ బీచ్‌లలో కొన్నిటిని క్వినాల్ట్ తెగ, రాష్ట్రం కలిసి చూసుకుంటాయి. ఈ ఏర్పాటు ఎవరి మంచితనం వల్లా రాలేదు. మూడు ఇంగ్లీషు మాటలకి అర్థం ఏమిటన్న తగాదా నూట ఇరవై ఏళ్ళు నడిచి, దానికోసం కొంతమంది పదేపదే జైలుకెళితే వచ్చింది.

1854 డిసెంబర్ చివరి వారం. వాషింగ్టన్ అప్పటికింకా రాష్ట్రం కాదు, టెరిటరీ. గవర్నర్ ఐజక్ స్టీవెన్స్ నిస్క్వాలీ నది దగ్గర మెడిసిన్ క్రీక్ అనే చోట నిస్క్వాలీ, ప్యూయాలప్, స్క్వాక్సిన్ తదితర తెగలని సమావేశపరిచాడు. డిసెంబర్ 26న ఒప్పందం మీద సంతకాలు, గుర్తులు పడ్డాయి. 20 లక్షల ఎకరాలకు పైగా భూమి తెగల చేతుల్లోంచి వెళ్ళిపోయింది. వాళ్ళకి మిగిలింది చిన్న చిన్న రిజర్వేషన్లు (ఇక్కడ ఆ మాటకి అర్థం తెగలకు విడిచిపెట్టిన భూమి). ఆ తర్వాత నెల తిరగ్గానే, 1855 జనవరిలో, పాయింట్ ఇలియట్, పాయింట్ నో పాయింట్, నియా బే దగ్గర వరసగా ఇంకో మూడు ఒప్పందాలు. ఇంత తొందరగా ఇంత నేల చేతులు మారడం ఎలా సాధ్యమైందంటే, చర్చలంటూ పెద్దగా జరగలేదు కాబట్టి.

ఆ కొద్దిపాటి చర్చలు జరిగిన భాష గురించి చెప్పుకోవాలి. గవర్నర్ మాటల్ని చినూక్ జార్గన్‌లోకి మార్చి చెప్పారు. అది ఎవరి మాతృభాషా కాదు. చినూక్, ఫ్రెంచ్, ఇంగ్లీషు మాటలు కలగలిసిన వర్తకుల భాష. బొచ్చు చర్మాలు బేరమాడడానికి పుట్టింది. ఒప్పందాల బృందంలోనే ఉన్న జార్జ్ గిబ్స్ తర్వాత 1863లో దానికొక నిఘంటువు వేశాడు. అందులో ఉన్నవి సుమారు 500 మాటలు. భూమి హక్కు, సార్వభౌమాధికారం, శాశ్వతం లాంటివన్నీ ఆ 500 మాటల్లోంచి దూరి అవతలికి రావాలి. అక్కణ్ణించి ఎవరి భాషలోకి వాళ్ళు మళ్ళీ అనువదించుకోవాలి. అనువాదాల మీద ఇష్టం ఉన్న మనలాంటివాళ్ళకి ఆ రోజు జరిగింది ఊహించుకుంటేనే గుండె జారుతుంది.

ఇంత గందరగోళంలోనూ తెగలు ఒక్క విషయం గట్టిగా పట్టుకున్నాయి. నేల పోయినా చేప పోకూడదు. ఒప్పందం మూడో అధికరణంలో అది రాసుంది: వాళ్ళకి అలవాటైన, ఎప్పటినుంచో వాడుకుంటున్న అన్ని చోట్లా చేపలు పట్టుకునే హక్కు, టెరిటరీ పౌరులందరితో 'ఇన్ కామన్ విత్' భద్రంగా ఉంటుంది. దానితో పాటే ఎవరూ ఆక్రమించుకోని బయలు భూముల్లో వేటాడుకోవచ్చు, దుంపలూ పళ్ళూ ఏరుకోవచ్చు. ఒక మినహాయింపు కూడా ఉంది: పౌరులు గుంజలు పాతి హద్దు పెట్టుకున్న, లేదా సాగు చేస్తున్న చోట గుల్లలు తియ్యకూడదు.

ఈ 'ఇన్ కామన్ విత్' ని తెలుగులో ఎలా చెబుతాం? నాకు రెండు మార్గాలు కనిపిస్తున్నాయి. ఒకటి, 'అందరితో పాటు'. అంటే అందరిలాగే నువ్వూ వరసలో నిలబడు, అందరికీ ఉన్న రూలే నీకూ. రెండోది, 'అందరితో ఉమ్మడిగా'. ఉమ్మడి అన్నామంటే మనకి వెంటనే ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి ఆస్తి, ఆ వెనకే వాటా గుర్తుకొస్తాయి. తెలుగులో ఉమ్మడి ఉన్నచోట 'ఎవరికెంత' అన్న మాట రాక తప్పదు. ఆ తర్వాత నూట ఇరవై ఏళ్ళ చరిత్ర అంతా ఈ రెండు అనువాదాల మధ్య తగాదాయే. రాష్ట్రం 'అందరితో పాటు' అంది. తెగలు 'ఉమ్మడిగా' అన్నాయి.

మొదట్లో తేడా తెలియలేదు. తెల్లవాళ్ళు తక్కువ, చేపలు ఎక్కువ. పైగా ఆ చేపల్ని తెల్లవాళ్ళకి పట్టి అమ్మిందే తెగలవాళ్ళు. 1866లో కొలంబియా నది ఒడ్డున మొదటి సాల్మన్ క్యానరీ పెట్టాక కథ మారింది. డబ్బాల్లో పెట్టి దేశదేశాలకీ అమ్మొచ్చని తెలిశాక నదుల్లో చేపచక్రాలు, సముద్రంలో పెద్ద పెద్ద ఉచ్చువలలు వచ్చాయి. 1889లో వాషింగ్టన్ రాష్ట్రమైంది. చేపలు తగ్గుతున్న కొద్దీ లైసెన్సులు, సీజన్లు, నిషేధిత ప్రాంతాలు వచ్చాయి. వాటి పేరు సంరక్షణ.

సంరక్షణని ఎవరు కాదంటారు? అక్కడే ఉంది మెలిక. సాల్మన్ మన పులస లాంటిది. పులస సముద్రంలో ఉన్నప్పుడు విలస. గోదావరిలో ఎదురీది పైకి వచ్చాక పులస. సాల్మన్ కూడా నదిలో పుట్టి, సముద్రానికి పోయి, కొన్నేళ్ళ తర్వాత గుడ్లు పెట్టడానికి మళ్ళీ అదే నదికి ఎదురీదుకుంటూ వస్తుంది. ఇప్పుడు వరస చూడండి. ముందు నడిసముద్రంలో పెద్ద బోట్లు పడతాయి. తర్వాత తీరంలో వ్యాపార వలలు. తర్వాత గాలం వేసే సరదా జాలరులు. వీళ్ళందరినీ తప్పించుకుని నదిలోకి వచ్చినవాటి కోసం తెగవాళ్ళు వల వేస్తారు. అప్పుడు అధికారి వచ్చి, మిగిలినవి ఇవే, ఇవి గుడ్లు పెట్టాలి, నీ వల తియ్యి అంటాడు. రూలు అందరికీ ఒకటే. దాని బరువు మాత్రం చివర నిలబడ్డవాడి మీదే. సీజన్ పట్టికలో ఒక తేదీ మార్చి ఒక జాతి చేతిలోంచి తిండి లాగేసుకోవచ్చని, అందుకు తుపాకీ అక్కర్లేదని ఆ దశాబ్దాలు చూపించాయి.

1905లో సుప్రీంకోర్టు ఒక కేసులో (అది యాకమా తెగ తరఫున కేంద్ర ప్రభుత్వం వేసింది, ప్రతివాదులు వైనన్స్ సోదరులు) ముఖ్యమైన సంగతి చెప్పింది. ఒప్పందం తెగలకు హక్కులిచ్చిన దానపత్రం కాదు, తెగలు తమ హక్కుల్లో కొన్ని వదులుకుని మిగిలినవి అట్టే పెట్టుకున్న పత్రం. అంటే చేపల హక్కు అమెరికా ఇచ్చింది కాదు, అమెరికాకి ఇవ్వనిది. కాగితం మీద అంత స్పష్టంగా ఉన్నా నది ఒడ్డున పరిస్థితి మారలేదు.

నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్ 1931లో పుట్టాడు. 1917లో సైనిక స్థావరం కోసం నిస్క్వాలీ రిజర్వేషన్‌లో పెద్ద భాగాన్ని తీసేసుకున్నప్పుడు అతని తండ్రి విల్లీ ఫ్రాంక్ కూడా భూమి పోగొట్టుకున్నాడు. ఆ డబ్బుతో నది దిగువన ఆరెకరాలు కొనుక్కున్నాడు. అదే ఫ్రాంక్స్ లాండింగ్. 1945లో, 14 ఏళ్ళప్పుడు, నిస్క్వాలీ నదిలో చేపలు పడుతుంటే బిల్లీని మొదటిసారి అరెస్టు చేశారు. ఆ తర్వాత యాభైసార్లకు పైగా చేశారు. అతని పడవలూ వలలూ జప్తయ్యేవి, మళ్ళీ సంపాదించుకుని నదిలో దిగేవాడు.

1960లలో నల్లజాతివాళ్ళు దక్షిణాదిలో హోటల్ బల్లల దగ్గర కూర్చుని చేసిన 'సిట్-ఇన్'ల తరహాలో, ఇక్కడ నదుల్లో 'ఫిష్-ఇన్'లు మొదలయ్యాయి. చట్టం కాదన్న చోట అందరూ చూస్తుండగా వల వెయ్యడం. 1964 మార్చి 2న మార్లన్ బ్రాండో ప్యూయాలప్ నదిలో చేప పట్టి అరెస్టయ్యాడు. అతన్ని కేసు పెట్టకుండానే వదిలేశారు. పత్రికల్లో ఫోటోలు వచ్చాయి. ఫోటోలు రాని రోజుల్లో లాఠీలు ఉండేవి. 1970 సెప్టెంబర్ 9న ప్యూయాలప్ ఒడ్డున వేసుకున్న శిబిరం మీద పోలీసులు బాష్పవాయువుతో విరుచుకుపడి పదుల మందిని పట్టుకుపోయారు. ఆ దాడిని కళ్ళారా చూసినవాళ్ళలో కేంద్ర ప్రభుత్వ న్యాయవాది స్టాన్ పిట్కిన్ ఒకడు. కొద్ది రోజుల్లోనే కేంద్రం తెగల తరఫున వాషింగ్టన్ రాష్ట్రం మీద దావా వేసింది.

ఆ కేసు జడ్జి జార్జ్ బోల్ట్ దగ్గరికొచ్చింది. ఐజెన్‌హోవర్ నియమించిన సంప్రదాయవాది. తెగలకి ఆయన మీద పెద్ద ఆశలు పెట్టుకోవడానికి కారణమేమీ లేదు. ఆయన మూడున్నరేళ్ళు కేసు నడిపాడు. తెగల పెద్దల్ని సాక్షులుగా పిలిచి నది గురించి చెప్పమన్నాడు. బార్బరా లేన్ అనే మానవశాస్త్రవేత్త 1850ల నాటి కాగితాలు తవ్వి ఏ తెగ ఎక్కడెక్కడ పట్టేదో కోర్టు ముందు పెట్టింది. 1974 ఫిబ్రవరి 12న 200 పైచిలుకు పేజీల తీర్పు వచ్చింది. 'ఇన్ కామన్ విత్' అంటే అవకాశాన్ని సమానంగా పంచుకోవడం అని బోల్ట్ నిఘంటువు అర్థం తీసుకున్నాడు. సంతానోత్పత్తికి కావలసినవి వదిలేశాక పట్టుకోదగ్గ చేపల్లో సగం దాకా తెగలవి. సగం వాళ్ళకి, సగం మిగతా అందరికీ. అప్పటివరకు తెగల చేతికి వస్తున్నది అయిదు శాతం దరిదాపుల్లో.

ఉమ్మడి అంటే ఎంత అన్నదానికి మొదటిసారి ఒక అంకె వచ్చింది. రాష్ట్రం భగ్గుమంది. బోల్ట్ దిష్టిబొమ్మని ఉరితీశారు. ఆయన్ని తిడుతూ కార్ల వెనక స్టిక్కర్లు వెలిశాయి. కొన్నాళ్ళు అధికారులే తీర్పుని అమలు చెయ్యడానికి మొరాయించారు. బడుల్లో వర్ణవివక్ష తీసెయ్యమన్న కొన్ని తీర్పుల్ని మినహాయిస్తే, ఒక కోర్టు ఆజ్ఞని ఇంతగా అడ్డుకోవడం ఈ శతాబ్దంలో చూడలేదని పై కోర్టు అనాల్సి వచ్చింది. చివరికి 1979 జూలై 2న సుప్రీంకోర్టు ఆ తీర్పు సారాన్ని నిలబెట్టింది.

గుల్లల సంగతి తేలడానికి ఇంకో 15 ఏళ్ళు పట్టింది. చిక్కేమిటంటే, రాష్ట్రం ఏర్పడ్డాక ఆటుపోట్ల మధ్య తేలే నేలని ప్రభుత్వం ప్రైవేటువాళ్ళకి అమ్ముకుంటూ పోయింది. ప్యూజెట్ సౌండ్‌లో అలాంటి నేల సగానికి పైగా ఎవరెవరి సొంతమో అయిపోయింది. 'మా ఇంటి ముందు బీచ్‌లోకి వీళ్ళెలా వస్తారు' అన్నది వాదన. 1994 డిసెంబర్‌లో జడ్జి ఎడ్వర్డ్ రఫీడీ, సహజంగా పెరిగిన గుల్లల్లోనూ సగం తెగలదే, నేల ఎవరి పేరున ఉన్నా సరే అన్నాడు. మనిషి కష్టపడి పెంచిన తోటలకి మాత్రం మినహాయింపు.

ఇక్కడ చరిత్ర ఒక చమత్కారం చేసింది. 'సాగు చేసిన' గుల్లలు అన్నప్పుడు 1854లో స్టీవెన్స్ మనుషుల దృష్టిలో సాగు తెల్లవాళ్ళదే. తెగలవాళ్ళు ఏరుకునేవాళ్ళు మాత్రమే. కానీ సరిహద్దుకి ఉత్తరాన, కెనడాలోని క్వాడ్రా దీవిలో, ఒడ్డున రాళ్ళు పేర్చి గట్టు కట్టి గుల్లలు ఎక్కువ పెరిగేలా చేసిన తోటలు బయటపడ్డాయి. వాటిలో కొన్నిటి వయసు 3,000 ఏళ్ళు దాటుతుంది. ఏరుకుంటున్నట్టు కనబడింది నిజానికి సాగు. ఇటీవల వాషింగ్టన్‌లోని స్వినోమిష్ తెగ తమ తీరంలో మళ్ళీ అలాంటి గట్టు ఒకటి కట్టుకుంది.

వేట దగ్గర తగాదా ఇంకా నడుస్తూనే ఉంది, ఎందుకంటే 'ఎవరూ ఆక్రమించుకోని భూమి' అన్న మాట చేపల అధికరణం కన్నా వదులుగా ఉంది. ప్రభుత్వ అడవి ఆక్రమించుకున్నదా, కాదా? వయోమింగ్ కేసు ఒకటి 2019లో సుప్రీంకోర్టుకెళ్ళింది. క్రో తెగకి చెందిన హెరేరా అనే ఆయన సీజన్ కాని రోజుల్లో ఎల్క్‌ని వేటాడాడని కేసు. అయిదుగురు ఔనని, నలుగురు కాదని, రాష్ట్రం ఏర్పడినంత మాత్రాన 1868 ఒప్పందంలోని వేట హక్కు చచ్చిపోదని తేల్చారు.

మన దగ్గర ఇలాంటి గది ఉందా అని ఆలోచిస్తుంటాను. ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనక అది అవసరమే. తెడ్డు, తెరచాపలతో నడిచే పడవలకి మినహాయింపు కూడా ఉంది. కానీ ఆ తేదీలు జాలరులకి తెలియజేసేవి, వాళ్ళతో కూర్చుని తేల్చుకునేవి కావు. నల్లమలలో చెంచులు 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేటగాళ్ళ లెక్కలోకి వచ్చేశారు. 2006 అటవీ హక్కుల చట్టం నీళ్ళలో చేపల మీద, అడవి ఉత్పత్తుల మీద హక్కుని గుర్తించింది, వేటని మాత్రం స్పష్టంగా మినహాయించింది. ఆ మినహాయింపు తప్పని నేను అనడం లేదు, పులి కూడా బతకాలి కదా. కానీ అడవిని కాపాడే లెక్క ఎవరి విస్తరి మీద తేలుతోందో అడగడానికి చెంచుల చేతిలో 1854 నాటి కాగితం లాంటిది లేదు.

కాగితం ఉన్నా సరిపోదని బిల్లీ ఫ్రాంక్‌కి తెలుసు. అతను 30 ఏళ్ళకు పైగా ఆ తెగల ఉమ్మడి మత్స్య సంఘానికి నాయకుడిగా ఉండి, ఏ అధికారులు తనని అరెస్టు చేశారో వాళ్ళతోనే సీజన్ తేదీలు మాట్లాడాడు. ఇప్పటికీ ప్రతి వసంతంలో ఆ చర్చలు జరుగుతాయి. 2016లో ఒప్పందం కుదరక ప్యూజెట్ సౌండ్‌లో సాల్మన్ గాలాలు కొన్ని వారాలు ఆగిపోయాయి. సమాన హోదా అంటే అదే మరి, రెండోవైపువాళ్ళు కాదంటే పని ఆగుతుంది. ఫ్రాంక్ 2014 మేలో చనిపోయాడు. అదే సంవత్సరం, 1975కి ముందు ఒప్పంద హక్కులతో చేపలు పట్టి శిక్షపడ్డవాళ్ళ నేరాల్ని కొట్టెయ్యడానికి రాష్ట్రం చట్టం చేసింది.

అయితే చేపలే లేకపోతే సగమైనా సున్నాయే. ఆనకట్టలూ రోడ్లూ నదిని మూసేస్తే వాటా ఎవరికి కావాలి? తెగలు దీన్ని కూడా కోర్టుకి తీసుకెళ్ళాయి. రోడ్ల కింద వాగుల కోసం రాష్ట్రం వేసిన తూములు చాలాచోట్ల సాల్మన్ ఎక్కలేనంత ఎత్తులోనో ఇరుగ్గానో ఉన్నాయి. చేప హక్కు ఇచ్చి చేప దారి మూసెయ్యడం ఒప్పందాన్ని మీరడమే అని కింది కోర్టులన్నాయి. 2018లో సుప్రీంకోర్టు నలుగురు అటు, నలుగురు ఇటు అయ్యి, ఆ తీర్పు అలాగే నిలిచింది. అలా మూసుకుపోయిన వాగుల్లో తొంభై శాతం 2030 నాటికి తెరవాలి.

అందుకే ఈమధ్య మా వైపు హైవేల మీద ఎక్కడ చూసినా నారింజ రంగు కోన్‌లు. వారాంతాల్లో రోడ్డు మూసేసి, పాత తూము తవ్వి తీసి, దాని చోట వాగు మీద చిన్న వంతెన వేస్తున్నారు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్ళు తిట్టుకుంటారు, బిలియన్ల డాలర్లు ఎందుకు తగలేస్తున్నారని. ఎందుకంటే 500 మాటల భాషలో తమకి చెప్పిన ఒక వాక్యాన్ని ఈ నేల మనుషులు తమకి అర్థమైనట్టే గుర్తు పెట్టుకున్నారు, నాలుగైదు తరాలపాటు ఆ అర్థం వదల్లేదు. ఆ వంతెన కింద నీళ్ళు మళ్ళీ పారుతున్నాయి.